ఒక్క రైలుతో పాత చెన్నై, కొత్త చెన్నై

నెల్లూరు నుంచి ఎవరొచ్చినా మా ఇంట్లో మొదటి మాట "షాపింగుకి టీ నగర్ ఎప్పుడు తీసుకెళ్తావు?" అనే. ఒక్క రోజే ఉంటే టీ నగర్ మానేయండి. బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరి పోయే రైలు చాలు. చాలా దూరం వంతెన మీదే పోతుంది కాబట్టి ఇక్కడివాళ్లు దాన్ని 'పరక్కుం రయిల్' అంటారు, అంటే ఎగిరే రైలు. ఆటో బేరాల టెన్షన్ ఉండదు.

రోజు మాత్రం చూసుకుని రండి. ఆదివారం పాత వ్యాపార పేట జార్జ్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్లు చాలావరకు మూసే ఉంటాయి. శుక్రవారం సెయింట్ జార్జ్ కోటలోని మ్యూజియానికి సెలవు. పోయినేడు మా బాబాయిని సరిగ్గా శుక్రవారమే తీసుకెళ్లాను. తాళం చూసి, "నువ్వు పుట్టింది ఈ ఊళ్లోనేనట్రా?" అన్నాడు.

పదింటికల్లా బీచ్ స్టేషన్‌లో దిగి, రాజాజీ సాలై దాటి లోపలికి నడవండి. తంబు చెట్టి వీధి, లింగి చెట్టి వీధి, ఆర్మీనియన్ వీధి. ఈ చుట్టుపక్కల వీధికో వ్యాపారం. గోడౌన్ స్ట్రీట్‌లో బట్టలు, ఆండర్సన్ స్ట్రీట్‌లో కాగితాలు, పెళ్లి కార్డులు. బాబాయి అసలొచ్చింది మా చెల్లి పెళ్లి కార్డుల కోసమే. కొట్టతను ఒక్కో కార్డూ చెవి దగ్గర పెట్టి, గోటితో టక్‌మనిపించి అట్ట మందం చెప్పాడు. బాబాయి నలభై కార్డులకీ చెవి పెట్టాడు, చివరికి మొదటిదే తీసుకున్నాడు. వీధిలో "ఓరం, ఓరం" (పక్కకి, పక్కకి) అని వినిపిస్తే వెనక్కి తిరిగి చూడకండి, ముందు గోడకి ఆనుకోండి. బేళ్ల బండి వచ్చేస్తుంటుంది.

1892లో కట్టిన ఎర్రటి హైకోర్టును బయటినుంచి చూస్తే చాలు. కోటకి మాత్రం ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, లోపల సెక్రటేరియట్ ఉంది. 1639లో ఈ చోటు ఇంగ్లీషువాళ్లకి ఇచ్చింది ఇక్కడి నాయక పాలకులు దామెర్ల సోదరులు. వాళ్ల నాన్న చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి, మ్యూజియంలో 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగరేసిన జెండా, ఈ రెండూ వదలకండి.

భోజనం కానిచ్చి, ఫోర్ట్ స్టేషన్‌లో రైలెక్కి తిరుమయిలైలో దిగండి. మెట్రో పనుల రేకుల మధ్య దారి అడుగుతూ రాయపేట హైరోడ్డుకి వెళ్తే పొట్టి శ్రీరాములు స్మారక భవనం వస్తుంది. 58 రోజుల నిరాహార దీక్ష చేసి, 1952 డిసెంబరు 15న ఆయన కన్నుమూసింది ఈ మైలాపూరులోనే. ఆ రోజంతా పెద్దగొంతుతో మాట్లాడిన బాబాయి అక్కడ చెప్పులు విడిచి, ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం మూసేస్తారు, నాలుగు దాటాక వెళ్లండి.

సాయంత్రం మళ్లీ అదే రైల్లో తిరువాన్మియూర్. దిగితే ఎదురుగా టైడెల్ పార్క్ అనే ఐటీ ఆఫీసుల భవనం, 2000లో మొదలైంది. అది ఐటీ రోడ్డు మీదే ఉంది. ఆరింటికి మెడలో ఐడీ కార్డులతో పిల్లలు మెట్ల మీద తోసుకుంటూ వస్తుంటారు. కాసేపు చెవి పెట్టండి, గుంటూరు యాస, గోదావరి యాస రెండూ వినిపిస్తాయి.

తిరుగు ప్రయాణంలో బీచ్ దాకా పోకండి. పార్క్ టౌన్‌లో దిగి రోడ్డు దాటితే సెంట్రల్ స్టేషనే. నెల్లూరు బండి టైముకి గంట ముందే దిగండి, చేతిలో కార్డుల పెట్టెలుంటే ఇంకో పావుగంట కలుపుకోండి.