పదకొండేండ్లకు సైకిల్ నేర్పుడు ఎట్ల

మా బిడ్డకు 11 ఏండ్లు వచ్చినా సైకిల్ రాలె, అపార్ట్‌మెంట్ల పెరిగింది, కింద అంత కార్లే. ఆ వయసు పిల్లలకు పడ్తమన్న భయం కన్న దోస్తులు చూసి నవ్వుతరన్న సిగ్గే ఎక్కువ, అందుకే ముందుగాల జాగ, టైము చూస్కోండ్రి. మేము హన్మకొండల సుబేదారి ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండుకు పొద్దున ఆరింటికి పొయ్యేటోళ్లం, వాకింగ్‌కొచ్చిన పెద్దోళ్లు తప్ప ఎవ్వరుండరు. ఎండాకాలమైతే ఏడున్నరకే ఇంటికి రావాలె.

సైడ్ చక్రాలు పెట్టకుండ్రి. అవి ఉంటే సైకిల్ ఒరగనే ఒరగదు, ఒరగకపోతే బ్యాలెన్స్ ఎట్లొస్తది? దానికి బదులు రెండు పెడల్స్ ఇప్పేయండ్రి, ఎక్కువ సైకిళ్లకు 15 నంబర్ పానా సరిపోతది. కుడిది మామూలు బోల్ట్ లెక్కనే ఇప్పాలె, ఎడమది మాత్రం ఉల్టా, తెల్వక బలంగ తిప్పితే ఇంక బిగుసుకుంటది. సీటు పాదాలు మొత్తం నేలకు ఆనేదాక దించాలె. ఎదుగుతది కదా అని పెద్ద సైకిల్ కొనుడు అసలు వద్దు.

ఇగ కాళ్లతోని నెట్టుకుంట పొమ్మనాలె, స్పీడ్ వచ్చినంక రెండు కాళ్లు లేపి ఎంత దూరం పోతదో చూడమనాలె. ఇక్కడే టైం పడ్తది, తొందర చెయ్యొద్దు. ఏ పక్కకు ఒరుగుతుంటే హ్యాండిల్ ఆ పక్కకే తిప్పాలె, అప్పుడు చక్రాలు మన కిందికి వచ్చి నిలబెడ్తయ్, భయపడ్డ పిల్లలు ఉల్టా తిప్పి పడ్తరు. చూపు ముందు టైర్ మీద గాదు, దూరం ఉండాలె. బ్రేకులు గూడ ఇప్పుడే నేర్పండ్రి, వెనక బ్రేకు ఏ చేతిదో చూపించి, ముందుది ఒక్కటే గట్టిగ పట్టొద్దని చెప్పండ్రి.

సగం గ్రౌండు కాళ్లు పెట్టకుండ పోయిందంటే పెడల్స్ బిగించొచ్చు. ఒక పెడల్ కొంచెం పైకి, ముందుకు పెట్టి దాని మీద తొక్కి లేవాలె. మీరు పట్టుకోవాలంటే భుజాల దగ్గర పట్టుకోండ్రి, హ్యాండిల్ పట్టుకుంటే మీరే నడిపినట్టయితది. "పట్టుకున్న పట్టుకున్న" అనుకుంట చాటుంగ ఇడ్వకుండ్రి, మన చిన్నప్పుడు అందరు గట్లనే చేసిండ్రు గని 11 ఏండ్ల పిల్లకు అబద్ధం తెలుస్తది, మల్ల మన మాట నమ్మదు, "ఇప్పుడు ఇడుస్తున్న" అని చెప్పే ఇడ్వాలె.

మలుపులు, ఒక చెయ్యి ఇడిసి సైగ చేసుడు రానిదే కాజీపేట రోడ్డు దిక్కు పంపొద్దు. మా బిడ్డ పదో రోజు ఆగకుండ మూడు రౌండ్లు కొట్టింది, దిగంగనే "నాన్న, రేపు దోస్తులను పిలుస్త" అన్నది.