కుట్టాల్సిన బట్టల మూట ఖాళీ చెయ్యాలంటే

ప్రతి ఇంట్లోనూ ఒక మూట ఉంటాది. బొత్తాం ఊడిన చొక్కా, తొడల దగ్గర పోయిన జీన్సు, ఫాల్ ఊడొచ్చిన చీర, పిల్ల ఫ్రాకు, అన్నీ "ఆదివారం కుట్టేద్దాం" అని పడేసినవే, ఆ ఆదివారం మాత్రం రాదు. మాది పర్లాకిమిడి. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది గానీ ఇంట్లో ఇప్పటికీ తెలుగే, మా మూట మాత్రం రెండు భాషల్లోనూ తిట్లు తిన్నాది, అత్త తెలుగులో, పక్కింటి మావుసి (పిన్ని అన్నమాట) ఒడియాలో. మొత్తానికి పోయిన చలికాలం ఆ మూట ఖాళీ చేసి, మిగిలిన పీలికల్తో ఒక బొంత కూడా కుట్టాను, ఎలా చేసానో చెప్తాను.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. మూట విప్పగానే అర్జెంటువి ఏరీదాన్ని. స్కూలు చొక్కా తెల్లది, దానికి తెల్ల దారం ఎక్కించి, బాబిన్ (మిషను కింద దారం ఉండే చిన్న చక్రం) చుట్టి కుడతాను, తర్వాత ఆయన ప్యాంటు, మళ్ళీ నల్ల దారం, మళ్ళీ బాబిన్, ఈలోగా పొయ్యి మీద పప్పు మాడు. కుట్టడానికి అయిదు నిమిషాలు, దారం మార్చడానికి పది నిమిషాలు. ఇప్పుడు అర్జెంటూ గిర్జెంటూ ఏమీ లేదు, దారం రంగుని బట్టి కుప్పలు పెడతాను. తెలుపు, నలుపు, నీలం, ఎరుపు, మిగిలినవన్నీ ఒక కుప్ప. ఒక రోజు ఒకే కుప్ప. చేత్తో కుట్టీవి మాత్రం వేరే సంచిలో, వాటికి నాలుగైదు సూదులకి ముందే దారం ఎక్కించి ఎండిన సబ్బు ముక్కకి గుచ్చి పెడతాను, కరెంటు పోయినా టీవీ ముందు కూచున్నా ఆ పని నడిచిపోతాది. దారం మూరెడు చాలు, మళ్ళీ ఎక్కించక్కర్లేదు కదా అని బారెడు తీస్తే చిక్కుపడి తెంపుకోడమే. ఇంకోటి, ఉతకని బట్ట కుట్టొద్దు, చెమట పట్టిన గుడ్డలో సూది సరిగ్గా దిగదు.

బొత్తాం కుట్టడం అందరికీ వచ్చనుకుంటాం గానీ సగం మంది బిగించి కుట్టేస్తారు, అప్పుడు కాజా గుడ్డకి చోటుండదు, నాలుగుసార్లు పెట్టుకునేసరికి మళ్ళీ ఊడతాది. బొత్తాం మీద ఒక అగ్గిపుల్ల అడ్డంగా పెట్టి, దారం దాని మీంచి పోయేలా నాలుగైదుసార్లు కుట్టండి, పుల్ల లాగేసి బొత్తాం పైకెత్తితే కింద కొంచెం వదులు దొరుకుతాది, ఆ వదులు చుట్టూ దారాన్ని మూడుసార్లు చుట్టి కింద ముడెయ్యండి. అంతే.

ఇప్పుడు అసలు సంగతి, మాసిక. చిరుగు ఎంతుందో అంత ముక్క వేస్తే నెల్లోపల మాసిక పక్కనే మళ్ళీ చిరుగుతాది, అప్పుడు దారాన్ని తిడతాం. దారం తప్పు కాదది. చిరుగు చుట్టూ ఉన్న గుడ్డ కూడా అరిగిపోయే ఉంటాది, కంటికి కనబడదంతే. బట్టని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టండి, ఎక్కడిదాకా వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తాదో అక్కడిదాకా చాక్‌పీసుతో గీత గీయండి, మీ ముక్క ఆ గీత దాటి ఇంకో బొటనవేలు వెడల్పు ఉండాలి. మా ఆయన జీన్సుకి చిరుగు రూపాయి బిళ్ళంతే, వేసిన ముక్క అరచెయ్యంత!

జీన్సుకి ముక్క లోపల్నించి వెయ్యండి, పాత జీన్సు ముక్కే అయితే మేలు, కొత్త దళసరి గుడ్డ వేస్తే అది పాతదాన్ని లాగీస్తాది. ముక్క పోగులు ప్యాంటు పోగుల వైపే నిలువుగా ఉండాలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి, లేకపోతే మూల దగ్గర ఒరుసుకుంటాది. ముందు చేత్తో కచ్చా కుట్టు (తర్వాత పీకీసే పెద్ద పెద్ద కుట్లు) వేసుకుని మిషనుకి 16 నంబర్ సూది పెట్టి, పైన్నించి చిరుగు మీదుగా ముందుకీ వెనక్కీ దగ్గర దగ్గరగా గీతలు కుట్టుకుంటూ పోండి, గీతకీ గీతకీ మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు చాలు. గీతలన్నీ ఒకే చోట ఆపొద్దు, ఒకటి పొడుగు ఒకటి పొట్టి ఉండాలి, అన్నీ వరసగా ఆగితే అక్కడ కాగితానికి చిల్లులు పెట్టినట్టయి ఆ గీత వెంబడే చిరుగుతాది.

పిల్లల బట్టలకైతే మాసిక దాచక్కర్లేదు, పైనే వేసీండి. ఒడిశాలో పిపిలి ఊరి చందువాలు చూసారు కదా, ఏనుగులూ నెమళ్ళూ గుడ్డతో కత్తిరించి అంచు లోపలికి మడిచి కుడతారు, అదే పద్ధతి. ఆకో చేపో గీసి, గీతకి పావంగుళం బయట కత్తిరించి, ఆ పావంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేసి చిన్న చిన్న కుట్లు. ఏనుగుతో మొదలెట్టకండి, తొండం దగ్గర ఏడుపొస్తాది.

ఇక మిషను. మాది మా అమ్మ ఇచ్చిన నల్ల మిషను, కాలితో తొక్కీది. ఒకసారి గట్టిగా తిరుగుతోందని ఇంట్లో ఉన్న కొబ్బరినూనె పోసాను, నెల్లాళ్ళు బాగానే నడిచి చలి మొదలవగానే చక్రం కదల్లేదు, లోపల జిగురు జిగురుగా గడ్డకట్టేసింది. బాగుచెయ్యడానికి వచ్చినాయన "అమ్మా, ఇది తలకి రాసుకునీది" అని నవ్వేడు. కిరసనాయిలు చుక్కలేసి తిప్పి తిప్పి, నల్లగా కారిందంతా తుడిచి, అప్పుడు మిషను నూనె వేసాడు. నీళ్ళలా పల్చగా ఉండే మిషను నూనె చిన్న సీసా కొనుక్కోండి, వేసాక చిత్తు గుడ్డ మీద పది అంగుళాలు కుట్టి చూసాకే మంచి బట్ట పెట్టండి.

కింద దారం ఉండలు కడుతోందంటే నూటికి తొంభైసార్లు తప్పు పైన ఉంటాది, కింద కాదు. ఫుట్ (గుడ్డని అదిమి పట్టే పాదం) పైకెత్తి దారం ఎక్కించాలి, దించి ఎక్కిస్తే దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి పోదు. సూదికి ఒక పక్క పొడుగ్గా గాడి ఉంటాది, వేలిగోరుతో గీరితే తెలుస్తాది, దారం కంట్లోకి ఎటువైపు నించి వెళ్తాదో గాడి అటే ఉండాలి. బాబిన్ కేసుని (బాబిన్ పెట్టే చిన్న డబ్బీ) దారంతో పట్టుకుని వేలాడదీసి చిన్న కుదుపు ఇవ్వండి, కొంచెం జారి ఆగిపోతే సరిగ్గా ఉన్నట్టు, జర్రున నేలకి దిగిపోతే వదులు, అసలు కదలకపోతే బిగుతు. వదులో బిగుతో అయితే మాత్రమే ఆ కేసు మీదుండే చిన్న స్క్రూ పావు వంతు తిప్పండి. రోజూ దాన్ని తిప్పీవాళ్ళుంటారు, వాళ్ళ మిషను ఎప్పటికీ కుదుటపడదు.

బరంపురం పట్టుచీరలు మాత్రం ఈ లెక్కలోకి రావు. మడతల దగ్గర పట్టు విరుగుతాది, దానికి మిషను ముట్టించొద్దు. వెనక పల్చటి పట్టు ముక్క పెట్టి సన్నటి సూదితో చేత్తోనే, లాగకుండా. కుంభం అంచు (గుడి గోపురాల్లా కోసులుండే అంచు) దగ్గర పోతే రఫు కొట్టీవాళ్ళకే (పోగులు అల్లి చిరుగు కలిపీవాళ్ళకి) ఇచ్చీండి, నేను ఒకటి చెడగొట్టాకే ఈ మాట చెప్తున్నాను. రెండు మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టుకుంటే అసలు అంతవరకూ రాదు.

మూటలో ఏ మాసికకీ లొంగనివి కొన్ని మిగుల్తాయి, అవే బొంతకి సరుకు. నూలువి మాత్రమే. అనుమానం ఉంటే రెండు పోగులు లాగి అంటించండి, కాగితం వాసనొచ్చి బూడిదయితే నూలు, కరిగి పూస కడితే పాలిస్టర్, దాన్ని తుడుపుగుడ్డలకి పడేయండి. ఎర్రవీ మెరూన్‌వీ తడిపి తెల్ల గుడ్డ మీద పెట్టి ఇస్త్రీ పెట్టె అదిమి చూడండి, రంగు అంటితే వద్దు. ఉప్పునీళ్ళలో నానబెడితే ఆగిపోతాదంటారు, నేను నానబెట్టాను, ఆగలేదు, తెల్ల ముక్కలన్నీ గులాబీ అయ్యేయి.

లోపలి పొరలకి కొలతల గొడవే లేదు. అయిదున్నర మీటర్ల చీరని మూడు మడతలు వేస్తే సుమారు ఆరడుగుల పొడుగొస్తాది, పన్నా ఎలాగూ 45 అంగుళాలు, ఒక మనిషికి సరిపోతాది. ఒక చీరయితే మూడు పొరల పల్చటి బొంత, మా వైపు చలికి అది చాలు, మహేంద్రగిరి వైపు కొండల్లో ఉండీవాళ్ళు రెండు చీరలు వేసుకోండి. పైకి 5 అంగుళాల చదరాలు కత్తిరించుకోండి, అట్టముక్క కొలత పెడితే పది ముక్కలకే అంచు అరుగుతాది, ప్లాస్టిక్ ఫైలు కవరు మేలు. నాలుగు పక్కలా పావంగుళం కుట్టులోకి పోతే నాలుగున్నర మిగుల్తాది, అడ్డంగా పది, నిలువుగా పదహారు, మొత్తం 160 ముక్కలు. వినడానికి భయంగా ఉంటాది గానీ రోజుకి ఒక వరసే అనుకోండి, పదహారు రోజులు. ఒక వరస కుట్లు కుడివైపుకీ తర్వాతి వరసవి ఎడమవైపుకీ ఇస్త్రీ చేసుకుంటే రెండు వరసలూ కలిపేటప్పుడు మూలలు ఒకదాన్లో ఒకటి కూర్చుంటాయి, ఈ ఒక్క పని మానేస్తే బొంతంతా మెలికలే.

పొరలన్నీ కడిగిన గచ్చు మీద పరిచి నాలుగు మూలలా బరువు పెట్టి (మా ఇంట్లో రెండు ఇటుకలు, ఒక రుబ్బురాయి పొత్రం, నాలుగోది మా చిన్నది), మధ్యనించి బయటికి కచ్చా కుట్టు వెయ్యాలి. అంచునించి మొదలెడితే మధ్యలో గుడ్డ ఉబ్బిపోయి ఎక్కడికీ పోదు. తర్వాత అసలు కుట్టు, నాలుగు వేళ్ళ ఎడంతో, సూది కిందా పైకీ వెళ్ళే సాదా కుట్టే. మావుసి వాళ్ళు దాన్ని కంథా అంటారు, మా అత్త బొంత కుట్టు అంటాది, ఇద్దరూ చెరో పక్కా కూచుని నా కుట్లు వంకరగా ఉన్నాయని ఒకే మాటగా చెప్పేరు. చుట్టూ అంచుకి వేరే గుడ్డ కొనక్కర్లేదు, పాత చీర అంచు రెండంగుళాలు కోసి మడిచి కుట్టీడమే.

ఉతికితే ఒంటి తీగ మీద వెయ్యకండి, తడిసిన బరువుకి మధ్యలో పోగులు సాగుతాయి, రెండు తీగలకి కలిపి పరచండి. మాది అలాగే డాబా మీద ఆరేస్తే పిల్లి ఎక్కి పడుకుని లేస్తూ గోళ్ళతో ఒక మూల లాగీసింది, వేలెడు చిరుగు. నీలం దారం కుప్పలో వేసాను.