అయోవా కాకస్‌లో పాల్గొనడం ఎలా?

అమెరికాలో అధ్యక్ష అభ్యర్థి ఎంపిక కోసం చాలా రాష్ట్రాల్లో ప్రైమరీ ఎన్నికలు జరుగుతాయి, వాటిని ప్రభుత్వ ఎన్నికల యంత్రాంగం నిర్వహిస్తుంది. కాకస్ మాత్రం పార్టీ సొంతంగా జరుపుకునే సభ, దాని నియమాలు కూడా పార్టీవే. కనుక ఈసారి ఏ పద్ధతి పాటిస్తున్నారో పార్టీ రాష్ట్ర శాఖ ప్రకటనలో ముందుగా చూసుకోవాలి. 1972 నుంచి కాకస్‌లకు పేరుపడ్డ అయోవా రాష్ట్రంలోనే 2024లో డెమొక్రాట్లు తమ ఎంపికను పోస్టు ద్వారా జరపగా, రిపబ్లికన్లు జనవరి 15 రాత్రి ఎప్పటిలాగే సభల్లో కూర్చున్నారు. ఈ వివరాలు ఆ రిపబ్లికన్ పద్ధతికి సంబంధించినవి.

పాల్గొనేవారు అమెరికా పౌరులై, ఆ ప్రెసింక్ట్‌లో (ఓటర్ల స్థానిక విభాగంలో) నివసిస్తూ, పార్టీ సభ్యులుగా ఓటరు నమోదు చేసుకొని ఉండాలి. నవంబరు అధ్యక్ష ఎన్నిక నాటికి పద్దెనిమిది నిండబోయే పదిహేడేళ్ల వారూ రావచ్చు. గుర్తింపు కార్డు వెంట తీసుకెళ్లండి. సభ రాత్రి ఏడు గంటలకు మొదలవుతుంది, ప్రైమరీలో లాగా రోజంతా వీలు చూసుకొని వెళ్లే అవకాశం ఉండదు. రాత్రి డ్యూటీలు చేసేవారికి, పసిపిల్లల తల్లులకు ఇది అన్యాయమేనని నా అభిప్రాయం.

ముందుగా ఆ సభకు అధ్యక్షుణ్ణి, కార్యదర్శిని ఎన్నుకుంటారు. ఒక్కో అభ్యర్థి తరఫున ఒకరు కొద్ది నిమిషాలు మాట్లాడతారు. ఆ తర్వాత ఖాళీ కాగితం ముక్క మీద మీకు నచ్చిన అభ్యర్థి పేరు రాసివ్వాలి. వాటిని అందరి ఎదుటే లెక్కపెట్టి, ఫలితాన్ని రాష్ట్ర పార్టీకి పంపుతారు. ఓట్ల నిష్పత్తిని బట్టి రాష్ట్రానికి ఉన్న డెలిగేట్లను, అంటే పార్టీ అభ్యర్థిని ఎంపిక చేసే జాతీయ సమావేశంలో ఓటు వేసే ప్రతినిధులను, అభ్యర్థులకు పంచుతారు: 2024లో నలభై మందిలో ట్రంప్‌కు 20, డిసాంటిస్‌కు 9, హేలీకి 8, రామస్వామికి 3 దక్కాయి. డెమొక్రాట్ల పాత పద్ధతిలో కాగితాలకు బదులు మనుషులే గుంపులుగా నిలబడేవారు. చాలా చోట్ల 15 శాతం మద్దతు రాని అభ్యర్థి గుంపు చెదిరి, అందులోనివారు వేరే గుంపుల్లో చేరాల్సి వచ్చేది.

ఓటు వేయగానే చాలామంది ఇంటికి వెళ్లిపోతారు. మీరు మాత్రం ఉండండి, ఎందుకంటే కౌంటీ (రాష్ట్రంలోని స్థానిక పాలనా విభాగం) సమావేశానికి వెళ్లే డెలిగేట్లను ఎన్నుకునేది ఆ తర్వాతే. అక్కడి నుంచి జిల్లా, రాష్ట్ర సమావేశాల మీదుగా జాతీయ సమావేశానికి వెళ్లేవారు తేలుతారు. ఈ మెట్ల విలువ 2012లో తెలిసింది: కాకస్ రాత్రి అభ్యర్థుల్లో రామ్నీ ఎనిమిది ఓట్లతో గెలిచారన్నారు, తర్వాతి ధ్రువీకరణలో శాంటోరమ్ 34 ఓట్లు ముందున్నారని తేలింది, కానీ మెట్టుమెట్టునా ఓపికగా కూర్చున్న రాన్ పాల్ మద్దతుదారుల వల్ల జాతీయ సమావేశంలో అయోవాకున్న 28 ఓట్లలో 22 పాల్‌కే పడ్డాయి. ఆ తర్వాత డెలిగేట్లను కాకస్ ఫలితానికి కట్టుబడేలా పార్టీ నియమం మార్చింది. అయినా పార్టీ విధానాల మీద తీర్మానాలు ప్రవేశపెట్టేది ఈ చివరి ఘట్టంలోనే. మీ తీర్మానం ఏదైనా ఉంటే స్పష్టంగా రాసి తీసుకెళ్లండి, డెలిగేట్‌గా వెళ్లదలిస్తే సభాధ్యక్షుడు పేర్లు అడిగినప్పుడు మీ పేరు చెప్పండి.