పాత శుభలేఖలతో క్రిస్మస్ బంతి

గుమ్మం ముందు వేలాడే నక్షత్రం ఎలాగూ బజారులో దొరుకుతుంది. ఇంట్లో కట్టుకోవడానికి ఇరవై ముఖాల కాగితం బంతి మనమే చేసుకోవచ్చు. బీరువాలో పడున్న శుభలేఖలు దీనికి సరిగ్గా సరిపోతాయి. పసుపు అంటిన మూలలు వదిలేయండి. కొత్త అట్టయితే 200 జీఎస్ఎంది (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువుండేది), ఏ4 సైజువి రెండు షీట్లు చాలు.

కంపాస్‌ను 3.5 సెం.మీ.కు తెరిచి 20 బిళ్లలు గీసి కత్తిరించండి. వాటిలో ఒకదాని అంచు మీద, కంపాస్ కదపకుండా అదే కొలతతో చుట్టూ గుర్తులు పెడితే ఆరు వస్తాయి. ఒకటి విడిచి ఒకటి కలిపితే సమబాహు త్రిభుజం, భుజం దాదాపు 6.06 సెం.మీ. దాన్ని గట్టి అట్టలో కోసి అచ్చుగా పెట్టుకుని మిగతా బిళ్లల మీద గీయండి. ప్రతి బిళ్లలో మూడు కొనలూ అంచును తాకాల్సిందే. బంతి చెడేది ఎక్కువగా ఇక్కడే. ఒక్కో బిళ్లలో ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా, అన్నీ కలిసి చివరి అతుకు దగ్గర సందుగా బయటపడతాయి.

ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు ఆనించి గీతల మీద గట్టిగా గీరండి. గీరకుండా మడిస్తే మడత వంకరపోతుంది. త్రిభుజం బయట మిగిలిన మూడు రెక్కలనూ బొమ్మ ఉన్న వైపుకు పూర్తిగా మడిచి వదలండి. అవి నిటారుగా కాదు, కాస్త బయటికి వాలి నిలబడాలి. అతికించేది రెక్కల వెనకవైపులనే, అప్పుడు తెల్ల భాగమంతా అతుకులో దాగిపోతుంది.

ఐదు బిళ్లల కొనలు ఒకచోట కలిసేలా రెక్కకు రెక్క అతికిస్తే లోతులేని గిన్నెలా లేస్తుంది. పొరపాటున ఆరు పెట్టారో, బల్లపరుపుగా పడుకుంటుంది! ఇలాంటివి రెండు. మిగిలిన పదింటినీ ఒకటి పైకి, ఒకటి కిందికి మార్చి మార్చి పట్టీలా అతికించి, చివరలు కలిపి గాజులా చేయండి. దాని పైన ఐదు రెక్కలు, కింద ఐదు మిగులుతాయి. గిన్నెల రెక్కలు వాటికే.

గమ్ము పలచగా రాయండి. ఎక్కువైతే అట్ట తడిసి వంగిపోతుంది. ఒక్కో అతుకును బట్టల క్లిప్పుతో ఐదు నిమిషాలు పట్టి ఉంచండి. ప్లాస్టిక్ పూత ఉన్న శుభలేఖ మీద, గమ్ము తగిలే వైపు కూడా నున్నగా ఉంటే, డబుల్ సైడ్ టేపే నయం.

రెండో గిన్నె మూయకముందే మొదటిదాని కొన దగ్గరున్న చిన్న సందులోంచి దారం దూర్చి, లోపలి చివర బొత్తం కట్టండి. బంతి మూసేశాక ఆ పని కుదరదు. పూర్తయ్యాక అడ్డంగా సుమారు 13 సెం.మీ. ఉంటుంది. డిసెంబరు మంచుకు అతుకులు విడిపోతాయి కనుక ఆరుబయట కట్టొద్దు.