జీవిత చరిత్ర రాయడం నేర్చుకుందాం – 4వ పాఠం: దేశం విడిచిన నాయకుడు

కిందటి పాఠంలో బాల్యం గురించి ఎంత రాయాలో చూశాం. ఈసారి ప్రవాసం. హంగేరీ నాయకుడు లాయోష్ కొషుత్ జీవితాన్ని తీసుకుందాం.

ముందుగా తేదీలు ఒక కాగితం మీద పెట్టుకోండి. 1802లో మోనోక్‌లో పుట్టాడు. 1849 ఏప్రిల్‌లో హంగేరీ ఆస్ట్రియా నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, ఆయన దేశాధినేత అయ్యాడు. ఆగస్టు 11న పదవి వదిలేశాడు. రెండు రోజులకు హంగేరీ సేనాని గెర్గే, ఆస్ట్రియాకు సాయంగా వచ్చిన రష్యా సైన్యానికి లొంగిపోయాడు. కొషుత్ టర్కీకి తప్పించుకున్నాడు. కుతాహ్యాలో నిర్బంధం, తర్వాత ఇంగ్లండ్, అమెరికా, చివరికి ఇటలీలోని టూరిన్.

ఇంతటితో ఆపేస్తే ఊళ్ళ పేర్లు మిగులుతాయి, మనిషి కనపడడు. ప్రవాసి కథలో మీరు వెతకాల్సింది ఒకటుంది: ఇంటికి వెళ్ళే దారి ఎప్పుడు తెరుచుకుంది, అప్పుడాయన ఏం చేశాడు?

కొషుత్‌కు ఆ సంవత్సరం 1867. ఆస్ట్రియా చక్రవర్తినే రాజుగా ఒప్పుకుని, సొంత ప్రభుత్వం పొందేలా హంగేరీ ఆయనతో రాజీ కుదుర్చుకుంది. ఆంద్రాషీ అనే మరో ప్రవాసి ఉన్నాడు. దొరకని తిరుగుబాటుదారులుగా 1851లో ఇద్దరి పేర్లనూ ఉరికంబానికి తగిలించారు. ఆంద్రాషీ క్షమాభిక్షతో ముందే తిరిగొచ్చి, 1867లో ప్రధానమంత్రి అయ్యాడు. కొషుత్ మాత్రం, ఈ రాజీతో దేశం తన భవిష్యత్తును తానే నిర్ణయించుకునే హక్కు పోగొట్టుకుంటుందని రాజీ కుదిర్చిన దేయాక్‌కు బహిరంగ లేఖ రాశాడు. ఓటర్లు పార్లమెంటుకు ఎన్నుకున్నా వెళ్ళలేదు. 1894లో టూరిన్‌లోనే చనిపోయాడు. మీ వ్యాసంలో సగం చోటు ఈ నిర్ణయానికే ఇవ్వండి. అమెరికాలో ఆయనకు దక్కిన ఘన స్వాగతాలకు రెండు వాక్యాలు చాలు.

ఒక జాగ్రత్త. టర్కీ పాలనలోని నేలపై అడుగుపెట్టిన కొద్ది వారాలకే, అక్కడి విదిన్ పట్టణం నుంచి రాసిన లేఖలో కొషుత్ గెర్గేను ద్రోహి అన్నాడు. దాన్ని నిజంగా తీసుకుని రాయకండి. ఆస్ట్రియా, రష్యా సైన్యాలు రెండూ మీదపడ్డాక గెర్గే ముందున్న దారులు చాలా తక్కువ. ఆ నింద అన్యాయమనే నా అభిప్రాయం. కొషుత్ మీద మనకెంత గౌరవమున్నా ఈ లేఖను దాచకూడదు.

అభ్యాసం: 1867లో కొషుత్, ఆంద్రాషీ తీసుకున్న నిర్ణయాలను పది వాక్యాల్లో రాయండి. ఎవరిది ఒప్పో తేల్చొద్దు. ఇద్దరి కారణాలూ పాఠకుడికి సబబుగా అనిపించాలి. వచ్చే పాఠంలో ఉత్తరాలను ఆధారాలుగా ఎలా వాడుకోవాలో చూద్దాం.