కిడ్నీలో రాయి: తీసేసినా మళ్లీ ఎందుకొస్తుంది? అందులో ప్రోటీన్ల పనేమిటి?

కిడ్నీలో రాయి అనగానే అందరి నోటా వచ్చే మాట కాల్షియం. పాలు మానెయ్, టమాటా మానెయ్ అని చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ చెప్పి వెళ్తారు. ఆ రాయిలోని ఖనిజాన్ని ల్యాబ్‌లో నెమ్మదిగా కరిగించేస్తే చివరికి మెత్తటి పొర ఒకటి మిగులుతుంది. రాయి ఏ ఆకారంలో ఉండేదో ఆ పొరా అదే ఆకారంలో ఉంటుంది. రాయి బరువులో అది 2, 3 శాతమే. ఇటుకల మధ్య సిమెంటులా లోపలంతా పరుచుకుని ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ప్రోటీన్లే. బయోకెమిస్ట్రీ పాఠం చెప్పేటప్పుడు నేను ఎక్కువసేపు ఆగే చోటు ఇదే, ఎందుకంటే రాళ్ల విషయంలో మనం చేసే చాలా తప్పులు ఈ 3 శాతాన్ని మరచిపోవడం వల్లే జరుగుతాయి.

ఇక లక్షణాల దగ్గరికి వద్దాం. మొదటిది ప్రాణం మీదికి తెచ్చేది, అందుకే ముందు పెడుతున్నాను.

నొప్పితో పాటు జ్వరం, చలి, వణుకు

ఇది కనిపిస్తే చదవడం ఆపి ఆసుపత్రికి బయల్దేరండి. రాయి అడ్డుపడి, దాని వెనక నిలిచిన మూత్రానికి ఇన్ఫెక్షన్ సోకి ఉండొచ్చు. అలాంటప్పుడు రాయి సంగతి తర్వాత చూస్తారు. ముందు మూత్రనాళంలో స్టెంట్ అనే సన్నటి గొట్టం వేసో, నడుము పక్కనుంచి చిన్న గొట్టం పెట్టో ఆ మూత్రాన్ని బయటకు తీస్తారు. ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు, గర్భిణులు, మూత్రం పూర్తిగా ఆగిపోయినవాళ్లు జ్వరం లేకపోయినా ఆలస్యం చేయకూడదు.

రాయి తీసేశారు, ఏడాది రెండేళ్లకే మళ్లీ వచ్చింది

అందరూ అడిగేది ఇదే. కారణం మూత్రంలో ఎంతుందో, రాయి పెరిగే చోట కిడ్నీ కణజాలంలోనూ అంతే ఉంది.

మూత్రం సంగతి ముందు చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రోటీన్ యూరోమోడ్యులిన్. 1950లో న్యూయార్క్‌లో టామ్, హార్స్‌ఫాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేశారు. వాళ్లు పరిశోధిస్తున్నది ఫ్లూ వైరస్ మీద, రాళ్ల మీద కాదు. ఈ ప్రోటీన్‌ని కిడ్నీయే తయారు చేసి మూత్రంలోకి వదులుతుంది. ఎక్కువ రాళ్లలో ఉండే ఖనిజం కాల్షియం ఆక్సలేట్, దాని స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కోకుండా కాపలా కాసేది ఇదే. ఇ.కోలై బ్యాక్టీరియాను పట్టుకుని మూత్రంతో బయటకు పంపడం కూడా దీని పనే. ఎముకల్లోనూ ఉండే ఆస్టియోపాంటిన్ అనే మరో ప్రోటీన్ స్ఫటికం పెరగకుండా అడ్డుపడుతుంది.

ఈ కాపలా పనిచేయాలంటే మూత్రం పలచగా ఉండాలి. నీళ్లు తక్కువై మూత్రం చిక్కబడి, ఆమ్లం పెరిగితే యూరోమోడ్యులిన్ తనలో తానే ముద్దకడుతుంది. అప్పుడు స్ఫటికాలను విడదీయాల్సిన ప్రోటీనే వాటిని అతికించే జిగురుగా మారే ప్రమాదం ఉంది.

కణజాలం సంగతి 1937లో అలెగ్జాండర్ రాండాల్ అనే అమెరికన్ యూరాలజిస్ట్ చెప్పాడు. కిడ్నీలో మూత్రం బొట్లుబొట్లుగా కారే మొనల మీద తెల్లటి మచ్చలు ఉంటాయని, రాయి వాటిని పట్టుకుని పెరుగుతుందని గమనించాడు. వాటిని ఇప్పటికీ రాండాల్ మచ్చలనే అంటారు. కణజాలం లోపల కాల్షియం ఫాస్ఫేట్ రేణువులు పేరుకుని, చుట్టూ ఆస్టియోపాంటిన్ లాంటి ప్రోటీన్లు పొరలుగా చేరతాయి. దాన్ని కప్పి ఉన్న పలుచటి పొర చిరిగి ఆ మచ్చ మూత్రానికి తగలగానే మూత్రంలోని ప్రోటీన్లు దాన్ని కప్పేస్తాయి, వాటి మీద ఆక్సలేట్ పేరుకుంటుంది. ఇది కాక, మూత్రనాళికల్లో దెబ్బతిన్న కణాలు మానే క్రమంలో తమ ఉపరితలం మీదికి కొన్ని అణువులను తెచ్చుకుంటాయి. స్ఫటికాలు వాటికి సులువుగా అతుక్కుంటాయి. రాయిని తీసినా ఆ మచ్చ అక్కడే ఉంటుంది, అందుకే మళ్లీ వస్తుంది.

ఏం చేయాలి? తీసిన రాయిని, లేదా మూత్రంలో పడిన ముక్కను పారేయకండి. టీ వడగట్టే జాలీలో పట్టి, ఆరబెట్టి, చిన్న డబ్బాలో వేసి రాతి పరీక్షకు ఇవ్వండి. రెండోసారి రాయి వచ్చినవాళ్లు 24 గంటల మూత్ర పరీక్ష అడిగి మరీ చేయించుకోవాలి. ఇక నీళ్లు. ఎన్ని గ్లాసులు తాగాం అన్నది లెక్క కాదు, రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. ఒక్క ఆదివారం ఇంట్లో ఉండి లీటరు సీసాతో కొలిచి చూడండి, మన అంచనాకూ నిజానికీ ఎంత తేడా ఉందో తెలుస్తుంది. ఇటలీలో మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని 5 ఏళ్లు గమనించారు. నీళ్లు బాగా తాగినవాళ్లలో 12 శాతానికి, మిగతావాళ్లలో 27 శాతానికి మళ్లీ రాయి వచ్చింది. ఎండలో పొలం పని చేసేవాళ్లు, బస్సు నడిపేవాళ్లు, మూత్రానికి వెళ్లే వీలు లేక నీళ్లే మానేసే ఆడవాళ్లు, వీళ్ల గురించే నాకు ఎక్కువ బాధ. పడుకునే ముందు కూడా ఒక గ్లాసు తాగండి. రాత్రిపూట మూత్రం బాగా చిక్కబడుతుంది.

స్టెంట్ వేశాక మంట, మూత్రంలో రక్తం

స్టెంట్ ఉన్నన్నాళ్లు కొంత మంట, మూత్రం పోసేటప్పుడు నడుములో పోటు, అప్పుడప్పుడు ఎర్రటి మూత్రం మామూలే. జ్వరం వస్తే మాత్రం మామూలు కాదు. స్టెంట్ లోపల పెట్టిన కొన్ని గంటల్లోనే మూత్రంలోని ప్రోటీన్లు దాని మీద పలుచటి పొరగా అంటుకుంటాయి. ఆ పొర మీద బ్యాక్టీరియా, స్ఫటికాలు చేరతాయి. నెలలు గడిచేకొద్దీ స్టెంటే రాయి అవుతుంది.

మా బావగారికి ఒక ఆసుపత్రిలో స్టెంట్ వేసి పంపేశారు. ఎప్పుడు తీయాలో డిశ్చార్జి కాగితంలో ఎక్కడా రాయలేదు. నొప్పి తగ్గింది కదా అని ఆయనా ఊరుకున్నారు. ఎనిమిది నెలల తర్వాత చూస్తే రెండు కొసలకూ రాయి కట్టి, పది నిమిషాల్లో తీయాల్సింది రెండు ఆపరేషన్లయింది. అందుకే చెబుతున్నాను, స్టెంట్ తీసే తేదీని డాక్టర్ చేత రాయించుకోండి. ఫోన్లో పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి.

యూరిన్ రిపోర్టులో ప్రోటీన్ ప్లస్ అని వచ్చింది

కిడ్నీ పాడైపోయిందని టెన్షన్ పడకండి. రోజుకు 150 మిల్లీగ్రాముల లోపు ప్రోటీన్ మూత్రంలో పోవడం సహజమే. పుల్లతో చేసే పరీక్ష ముఖ్యంగా ఆల్బుమిన్ అనే రక్త ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. రాయి గీరుకుని రక్తం వచ్చినా, ఇన్ఫెక్షన్ ఉన్నా ప్లస్ చూపొచ్చు. రాయి పోయి, ఇన్ఫెక్షన్ తగ్గాక మళ్లీ చేయించండి. అప్పటికీ ప్లస్ ఉంటే ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష చేయించి కిడ్నీ డాక్టర్‌ను కలవాలి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు దీన్ని అసలు వాయిదా వేయొద్దు.

పాలు, పెరుగు మానేసినా రాళ్లు ఆగలేదు

మానేయడమే తప్పు కావచ్చు. తిండిలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని మలంతో పంపేస్తుంది. పెరుగు మానేస్తే ఆ ఆక్సలేట్ రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరుతుంది. ఇటలీలోనే జరిగిన ఇంకో పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోయే 120 మంది మగవాళ్లను రెండు జట్లు చేశారు. 5 ఏళ్లలో కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి మళ్లీ రాయి వచ్చింది. కాల్షియం మామూలుగా తింటూ మాంసం, ఉప్పు తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చింది.

మాంసంలోని ప్రోటీన్ ఎక్కువైతే మూత్రంలో ఆమ్లం, యూరిక్ ఆమ్లం, కాల్షియం పెరుగుతాయి, రాళ్లను ఆపే సిట్రేట్ తగ్గుతుంది. మాంసం పూర్తిగా మానక్కర్లేదు, రోజూ వద్దు. ఆవకాయ, అప్పడం, ఉప్పు మిరపకాయల దగ్గర చేయి వెనక్కి తీసుకోండి. నిమ్మరసం ఉప్పు లేకుండా తాగండి. పలుచటి మజ్జిగ మానకండి.

షాక్ వేవ్ ఇచ్చినా రాయి పగల్లేదు

షాక్ వేవ్ అంటే బయటి నుంచి తరంగాలు పంపి రాయిని పగలగొట్టే చికిత్స. పగలకపోతే మూడు అనుమానాలు. ఒకటి, అసలు అది గట్టి రాయి కాకపోవచ్చు. తరచూ ఇన్ఫెక్షన్లు వచ్చేవాళ్లలో అరుదుగా దాదాపు అంతా ప్రోటీనే ఉన్న మెత్తటి రాయి ఏర్పడుతుంది. మామూలు ఎక్స్‌రేలో సరిగ్గా కనిపించదు, షాక్ వేవ్‌కు పగలదు. ఎక్కువగా నడుము పక్క చిన్న రంధ్రం చేసి తీస్తారు. రెండు, సిస్టిన్ రాయి. సిస్టిన్ ఒక అమైనో ఆమ్లం. మూత్రంలోంచి దాన్ని వెనక్కి పీల్చుకోవాల్సిన రవాణా ప్రోటీన్ పుట్టుకతోనే లోపభూయిష్టంగా ఉంటుంది. పిల్లల్లో, టీనేజీలో రాళ్లు వస్తే, మేనరికం ఉన్న కుటుంబమైతే మరీ, దీన్ని అనుమానించాలి. మూడు, యూరియాను విడగొట్టే ప్రోటియస్ లాంటి బ్యాక్టీరియా కట్టే కొమ్ముల రాయి. ఇందులో ముక్క మిగిలితే ఇన్ఫెక్షనూ మిగిలినట్టే.

నొప్పి పోయింది, రాయి పడినట్టు మాత్రం కనిపించలేదు

5 మిల్లీమీటర్ల లోపు రాళ్లలో మూడింట రెండొంతులు వాటంతటవే పడిపోతాయి. ఆ ధైర్యంతోనే ఇంట్లో కొండపిండి ఆకు, ఉలవల కషాయం, అరటిదూట రసం మొదలవుతాయి. వాటితో పాటు వెళ్లే నీళ్లు మంచివే. కానీ నొప్పి తగ్గినంత మాత్రాన రాయి పోయినట్టు కాదు. ఒకేచోట ఇరుక్కున్న రాయి చుట్టూ మూత్రనాళం గోడ వాస్తుంది, రాయిని పట్టేసేలా కండ పెరుగుతుంది, ఆ తర్వాత అక్కడ మచ్చకట్టి నాళం సన్నబడొచ్చు. పైన కిడ్నీ చప్పుడు లేకుండా ఉబ్బుతూ ఉంటుంది. కాబట్టి నొప్పి లేకపోయినా నాలుగు వారాల లోపు మళ్లీ స్కాన్ తీయించండి. అందులో రాయి అక్కడే ఉన్నా, కిడ్నీ వాపు తగ్గకపోయినా కషాయాలు పక్కన పెట్టి అదే వారంలో యూరాలజిస్ట్‌ను కలవండి.