హార్మోనియం లేని బడిలో పాట

అచ్చంపేట వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. ఐదు తరగతులకు ఇద్దరమే. సంగీతం టీచరు లేరు, హార్మోనియం లేదు, నాకు సంగీతమూ పెద్దగా రాదు. అయినా ప్రార్థన అయ్యాక రోజూ పదిహేను నిమిషాలు పాటకే. మీరూ మొదలుపెట్టాలనుకుంటే ముందు నేను చేసిన తప్పు వినండి.

మొదటి ఏడాది పాటంటే పంద్రాగస్టు ప్రోగ్రామే అనుకున్నాను. పది రోజులు పిల్లల్ని ఎండలో నిలబెట్టి "గట్టిగా, ఇంకా గట్టిగా" అన్నాను. జెండా ఎగరేసే నాటికి సగం మందికి గొంతు బొంగురుపోయింది. "సారూ, పిల్లకు మాట వస్తలేదు, ఏం పాడిచ్చిండ్రు?" అని ఒక తల్లి గేటు దగ్గరే నిలదీసింది. ఆమె అడిగింది న్యాయమే.

నాది మగగొంతు, పైగా బాగా లావు. నేను పల్లవి ఎత్తితే పిల్లలు దాన్ని అందుకోబోయి కిందికి దిగి గొణుగుతారు. గట్టిగా అంటే అరుస్తారు. అందుకే ఇప్పుడు పల్లవి నేనెత్తను. ఐదో తరగతిలో నిదానంగా పాడే ఒక అమ్మాయితో ఎత్తిస్తాను, మిగతావాళ్లు ఆ గొంతుకు కలుస్తారు. టీచరు మేడమైతే ఈ తిప్పలు చాలావరకు ఉండవు. ఇంకో షరతు పెట్టాను: పాడేటప్పుడు పక్కవాడి గొంతు నీకు వినపడాలి, వినపడలేదంటే నువ్వు అరుస్తున్నట్టే. అరుపులు దానితోనే తగ్గాయి.

పాట కంటే ముందు తాళం పట్టించండి. ఆది తాళం చాలు. తొడమీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, ఇవి నాలుగు. దెబ్బ వేసి అరచెయ్యి తిప్పితే రెండు, మళ్లీ అదే ఇంకో రెండు. మొత్తం 8. ఒకటో తరగతి పిల్లలకు వేళ్లు తిరగవు, వాళ్లను చప్పట్లకు వదిలేయండి. చెయ్యి కుదిరాక ఒక ఆవర్తనం, అంటే ఆ 8 లెక్కలు ఒకసారి, చేతితో, మరొకటి మనసులో లెక్కపెట్టించండి. మనసులో లెక్క అయిపోగానే అందరి దెబ్బా ఒకేసారి పడాలి. మొదటి వారం రేకుల మీద వడగళ్లు పడ్డట్టే ఉంటుంది. నెల తిరిగేసరికి మా దగ్గర ఒక్కటే చప్పుడు. డిక్టేషన్‌లో "మళ్లీ చెప్పండి సార్" కూడా తగ్గింది.

ఎక్కాలు పాటగా పాడించమంటారు కొందరు. నాకది నచ్చదు. "ఏడు ఆర్లు ఎంతరా?" అంటే పిల్లవాడు ఏడు ఒకట్ల నుంచి పాడుకుంటూ వస్తాడు.

పాటలకు దూరం పోనక్కర్లేదు. బతుకమ్మ పాటలో ఒకరు చరణం అంటే అందరూ "ఉయ్యాలో" అందుకుంటారు. ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టేవాళ్లకు ఇంతకంటే తేలిక లేదు. చిన్నవాళ్లకు ఆ ఒక్క మాటే పని. చరణాలు ఇంట్లో అమ్మనో నాయనమ్మనో అడిగి రాసుకురమ్మనండి. ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా ఉంటుంది, ఏది కరెక్టని తేల్చకండి.

12 మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యం వాయించే మొగులయ్యది మా పక్క లింగాల మండలమే. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వీడియో చూపించి, కిన్నెరకు ఎండిన సొరబుర్రలు ఎందుకని అడగండి. జవాబు మీరు చెప్పొద్దు. రబ్బరు బ్యాండును రెండు వేళ్ల మధ్య సాగదీసి మీటమనండి, తర్వాత ఖాళీ కంపాస్ పెట్టెకు చుట్టి మీటమనండి. బ్యాండ్లు నాలుగు ఎక్కువే తెచ్చుకోండి, తెగుతాయి.